బెలుం గుహల చరిత్ర కూడా చెప్పించండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరున్న బెలుం గుహలకి ఇప్పుడు మంచి రోజులొచ్చాయి. సెలవొస్తే చాలు తాడిపత్రి వైపు నుంచి, బనగానపల్లె వైపు నుంచి కార్లే కార్లు, గండికోట చూడ్డానికొచ్చినోళ్లు కూడా పనిలో పనిగా ఇటొచ్చి పోతున్నారు, చాలా సంతోషం. నేనూ మొన్న పిల్లల్ని తీసుకెళ్లా. కానీ లోపల ఎవరి నోట విన్నా ఒకటే, ఇదిగో పాము పడగ, అదిగో శివలింగం, అక్కడ నిలబడు ఫొటో తీస్తా. ఆ ఉక్కలో చెమటలు కక్కుకుంటా గుహ అడుగున నీళ్లు పారే పాతాళగంగ దాకా పోవడం, వెనక్కి రావడం, అంతే. లైట్లు లేనప్పుడు ఇందులోకి మొదట ఎవరు దిగారు నాన్నా అని మా పాప అడిగితే పక్కనున్న పెద్దవాళ్లు కూడా నా మొహం చూశారు.

అసలు చెప్పుకోవాల్సింది అదే కదండీ. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ జియాలజిస్ట్ ఈ గుహల గురించి రాసిపెట్టాడు, ఆ రోజుల్లోనే బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో ఆయనా, ఆయన కొడుకూ తవ్వకాలు చేసి ఏనాటివో జంతువుల ఎముకలు బయటికి తీశారు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు బెలుంని పట్టించుకున్నోళ్లే లేరు. 1982, 83ల్లో డేనియల్ గెబావర్ అనే జర్మన్ తన టీమ్‌తో వచ్చి లోపలంతా సర్వే చేశాడు. ఇప్పుడు మనం మెట్లు దిగి దర్జాగా పోతున్నాం గానీ అప్పుడు మెట్లు లేవు, గాలి పంపే ఏర్పాటు లేదు, చదునైన పొలాల మధ్య బావుల్లాంటి గుంతలు మాత్రం ఉండేవి, వాటిలోంచి దిగి ఆ చీకట్లో, బురదలో సందు సందూ కొలుచుకుంటా మ్యాప్ గీయడమంటే మాటలా! గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లని ఈరోజు మనం ధైర్యంగా చెప్పుకుంటున్నామంటే అలాంటి కష్టం వల్లే. లోపల గెబావర్ హాల్ అని ఒకటుంది, దాన్ని దాటుకునే అందరూ పోతారు, ఆ పేరు ఎవరిదో ఎంతమందికి తెలుసు?

మనవాళ్ల కష్టం కూడా తక్కువేం కాదు. 1988 దాకా చుట్టుపక్కల చెత్తంతా ఈ గుహలోనే పడేసేవాళ్లు, అప్పటి పోలీసు అధికారులూ ఊరి జనమూ పూనుకుని శుభ్రం చేయించారు. 1999లో పర్యాటక సంస్థ చేతికొచ్చి దారులు, లైట్లు వేసి 2002లో జనానికి తెరిచారు. అంతకుముందెప్పుడో జైన, బౌద్ధ సన్యాసులు ఇక్కడ ఉన్నారంటారు, గుహలో దొరికిన పాత్రలు క్రీస్తుపూర్వం 4500 నాటివట, అవి అనంతపురం మ్యూజియంలో ఉన్నాయి. బెలుం చూసినోళ్లకి ఆ సంగతి చెబితే అవి కూడా చూసిపోతారు కదా.

ఇంకో మాట. మా సీమలో ఇళ్లల్లో పరిచే నాపరాయి, చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీలకి పోయే రాయి, ఈ గుహ గోడలు, అన్నీ సున్నపురాయే. భూమిలోకి ఇంకిన నీళ్లు లక్షల ఏళ్లపాటు ఆ రాయిని కరిగించుకుంటా పోతే ఇన్ని సందులు పడ్డాయి. ఆ సంగతి తెలిసిన పిల్లోడు గోడ మీద తాళంచెవితో పేరు గీకడని నా గట్టి నమ్మకం. పైనుంచి వేలాడే రాళ్లని పట్టుకుని ఊగేవాళ్లని చూస్తే కడుపు తరుక్కుపోతోంది, నీటిచుక్కల్లోని సున్నం పేరుకునే ఆ రాళ్లు పెరుగుతాయి, చేతి జిడ్డు అంటితే ఆ పెరగడమే ఆగిపోవచ్చు.

కాబట్టి అధికారులకి మీ పేపర్ ద్వారా నా విన్నపం ఏంటంటే, టికెట్ ఇచ్చే దగ్గర గుహ పూర్తి మ్యాప్ తెలుగులో పెద్దగా పెట్టించండి, ఎవరు ఎప్పుడు ఏం చేశారో, శుభ్రం చేసిన మనవాళ్ల పేర్లతో సహా రాయించండి. కొలిమిగుండ్ల చుట్టుపక్కల చదువుకున్న పిల్లలకి ట్రైనింగ్ ఇచ్చి ఈ చరిత్ర చెప్పించండి, వాళ్లకీ నాలుగు డబ్బులొస్తాయి. మనం నడిచేది ఒకటిన్నర కిలోమీటరే, సగానికి పైగా ఇంకా మూసే ఉంది, ఆ భాగం కూడా మ్యాప్‌లో వేరే రంగులో చూపించండి.

ఇట్లు,
మీ పాఠకుడు, తాడిపత్రి