‘టీకా వికటించి’ అని రాసే ముందు

సంపాదకులకు నమస్కారం.

‘టీకా వికటించి చిన్నారి మృతి’ అన్న శీర్షిక మన పత్రికల్లో అచ్చు కావడానికి గంట చాలు. పోస్టుమార్టం రిపోర్టుకి వారాలు పడుతుంది. ఈలోగా ఆ ఊళ్లో బుధవారం, శనివారం అంగన్‌వాడీ దగ్గరికి బిడ్డను ఎత్తుకుని రావలసిన తల్లులు ఇంట్లోనే ఆగిపోతారు. ‘వికటించడం’ అనే ఆ ఒక్క మాటలో మందు గుణం, మనిషి పొరపాటు, భయం, కాకతాళీయం అన్నీ కలగాపులగం అయిపోయాయి. దాంతో తప్పు చేసినవాళ్లు తప్పించుకుంటున్నారు, తప్పు లేని మందు ముద్దాయి అవుతోంది.

2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో జరిగిందే చూడండి. ఐదు రోగాలకు కలిపి ఒకే సూదిగా వేసే పెంటావలెంట్ టీకా వేయించుకుని ఇళ్లకెళ్లిన పసిపిల్లలు ఆసుపత్రి పాలయ్యారు, ప్రాణాలూ పోయాయి. మొదట అందరూ టీకానే అన్నారు. తీరా చూస్తే జ్వరం రాకుండా ఇవ్వాల్సిన పారాసిటమాల్ బదులు ట్రమడాల్ బిళ్లలు చేతిలో పెట్టారని తేలింది. ట్రమడాల్ పెద్దవాళ్ల తీవ్రమైన నొప్పులకు వాడే మందు, పసిబిడ్డకు ఊపిరి మందగిస్తుంది. ఆ వార్తకు సరైన శీర్షికలో టీకా అన్న మాటే ఉండదు.

జ్వరం మందు దగ్గర ఇళ్లలో జరిగే పొరపాటు కూడా ఇంకొకటి ఉంది. పారాసిటమాల్ డ్రాప్స్‌లో సాధారణంగా 1 మి.లీ.కి 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. పసిపిల్లల సిరప్‌లో 5 మి.లీ.కి 120 లేదా 125. సీసా చూడకుండా డ్రాప్స్‌ను సిరప్ అనుకుని చెంచాడు పట్టేస్తే ఒక్కసారే 500 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తుంది. బిడ్డ బరువు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు మాత్రమే ఇవ్వాలి, అంటే 5 కిలోల బిడ్డకు 50 నుంచి 75. టీకా రోజున తల్లికి మందు పేరుతో పాటు ఎన్ని మి.లీ.లో కార్డు మీద రాసివ్వడానికి అర నిమిషం పట్టదు. రాసేవాళ్లు తక్కువ.

టీకా వల్లే వచ్చేవి లేవా అంటే ఉన్నాయి. వాటికి ఒక కాలపట్టిక ఉంటుంది, నిజమేదో అక్కడే తేలుతుంది. పెంటావలెంట్‌లో కోరింతదగ్గు భాగం ఉండటం వల్ల ఆ రాత్రే జ్వరం, తొడ మీద వాపు, ఆగని ఏడుపు రావచ్చు. రెండు రోజుల్లో తగ్గాలి. తొడను రుద్దకూడదు, పసుపు, పసరు పట్టించకూడదు. క్షయ రాకుండా వేసే బీసీజీ వేసినచోట రెండు మూడు వారాలకు చిన్న గుల్ల లేచి, చితికి, మచ్చ పడుతుంది. దానికి ఆయింట్‌మెంట్ అక్కర్లేదు. తొమ్మిదో నెలలో తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్‌కి జ్వరం, ఒంటిమీద పేలినట్టు రావడం వారం నుంచి పన్నెండు రోజుల మధ్య ఉంటుంది. మర్నాడే జ్వరం వస్తే అనుమానించాల్సింది ఎంఆర్‌ను కాదు, అదే రోజు వేసిన మరో టీకానో, బిడ్డకు అప్పటికే మొదలైన జలుబునో.

ఇక మనుషుల పొరపాట్లు. ఎంఆర్, బీసీజీ పొడిరూపంలో వస్తాయి. టీకాలు వేసే సెషన్ దగ్గరే ద్రావకంతో కలపాలి, ఆ ద్రావకం కూడా అదే కంపెనీది, అంతే చల్లగా ఉన్నది కావాలి. వీటిలో క్రిములు పెరగకుండా ఆపే మందు ఉండదు కాబట్టి కలిపిన నాలుగు గంటల తర్వాత మిగిలింది ఇంకెవరికీ వేయకూడదు. సీసా లేబుల్ మీద కలిపిన సమయం రాసి ఉండాలి. ఉదయం కలిపినది సాయంత్రం వేస్తే దానిలో పెరిగిన స్టఫైలోకాకస్ అనే క్రిమి విషం వల్ల కొన్ని గంటల్లోనే విపరీతమైన జ్వరం, వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలవ్వొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఐదు డోసుల సీసాను ఒక్క బిడ్డ కోసం విప్పితే నాలుగు వృథా అని కొందరు సిబ్బంది ‘వచ్చే బుధవారం రామ్మా’ అంటారు. నిజానికి ఒక్క బిడ్డ వచ్చినా విప్పమనే నియమం. వృథా లెక్క అడిగే పైఅధికారి దీన్ని గుర్తుపెట్టుకుంటే సగం గొడవ తీరుతుంది.

సీసా మీద వంకాయరంగు గుండ్రని బొట్టు, దాని మధ్యలో చదరం ఉంటుంది. చదరం చుట్టూ ఉన్న రంగుకన్నా లేతగా ఉన్నంతసేపూ వాడొచ్చు. రెండూ ఒకే రంగైనా, చదరం ముదిరినా పారేయాలి. ఇది ఏ తల్లయినా చూడగలిగేదే. అయితే ఆ బొట్టు వేడి దెబ్బను పట్టిస్తుంది గానీ గడ్డకట్టడాన్ని పట్టించదు. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా బయట ఉంచాకే టీకాలు మోసే క్యారియర్‌లో పెట్టాలి. తొందరలో రాయిలాంటి ఐసు పక్కనే పెంటావలెంట్ పెడితే మందు గడ్డకడుతుంది. కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. ఊపి పక్కన పెడితే మాత్రం రేకులు రేకులుగా అడుగుకు దిగిపోతుంది. అది వేస్తే తొడలో చీముగడ్డలా లేవొచ్చు, రోగం నుంచి రక్షణా సరిగా దక్కదు.

బడుల్లో టీకా వేస్తే ఒక అమ్మాయి కళ్లు తిరిగి పడగానే వెనక పదిమంది పడతారు. అది భయం. ఖాళీ కడుపుతో ఎండలో నిలబెట్టి, సూది గుచ్చడం వరుసలో అందరికీ కనిపించేలా పెడితే జరిగేది అదే. పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే నిమిషాల్లో లేస్తారు. అసలు ప్రమాదం తీవ్రమైన అలర్జీ: దద్దుర్లు, మొహం వాపు, పిల్లికూతలు, అందీ అందని వేగపు నాడి. దాని కోసమే అరగంట కూర్చోమనేది, ఏఎన్‌ఎం కిట్‌లో దానికి విరుగుడైన అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉండేది.

సర్కారు వైపు తప్పు లేదనను. 2021 జనవరి 3న కోవిడ్ టీకాలకు అనుమతిస్తూ దేశ ఔషధ నియంత్రణాధికారి ‘110 శాతం సురక్షితం’ అన్నారు. కాస్త జ్వరం, నొప్పి, అలర్జీ మామూలేనని అదే నోట చెప్పారు, కానీ జనం మనసులో నిలిచింది 110. అదే ఏడాది మే 17న కేంద్ర ఆరోగ్యశాఖ, కోవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టినట్టు అనుమానమున్న 26 కేసులు తేలాయనీ, అది పది లక్షల డోసులకు 0.61 అనీ ప్రకటించింది. నిజాయితీగల లెక్క. ముందు 110 అనకపోయుంటే ఎవరూ ఉలిక్కిపడేవారు కాదు. రెండో డోసు గడువు 4-6 వారాల నుంచి మార్చిలో 6-8కి, మే 13న 12-16కి మారింది. దానికి శాస్త్రీయ కారణం చూపించారు, కానీ కేంద్రాల ముందు ‘స్టాకు లేదు’ బోర్డులున్న రోజుల్లో ఎవరు నమ్ముతారు? 2024లో బ్రిటన్ కోర్టు పత్రాల్లో కోవిషీల్డ్ అసలు కంపెనీ ఆస్ట్రాజెనెకా ఈ రక్తం గడ్డకట్టే అరుదైన జబ్బు సంగతి ఒప్పుకుందని వార్త రాగానే, చుట్టుపక్కల ప్రతి గుండెపోటునూ దానికి ముడిపెట్టారు. ఆ జబ్బు లక్షణాలు టీకా వేశాక 4 నుంచి 42 రోజుల మధ్య మొదలవుతాయి. మూడేళ్ల తర్వాత వచ్చిన గుండెపోటుకి ఆ లెక్క సరిపోదు.

కాబట్టి ఈసారి మీ విలేకరికి కబురు అందినప్పుడు నాలుగు సంగతులు అడగమనండి. ఏ టీకా, ఏ బ్యాచి? వేసిన గంట ఎంత, లక్షణం మొదలైన గంట ఎంత? ఇంటికి ఏ బిళ్ల, ఏ సీసా ఇచ్చి పంపారు? అదే సీసాలోంచి వేయించుకున్న మిగతా పిల్లలు ఎలా ఉన్నారు? వాళ్లందరికీ ఒకే బాధ ఉంటే పొరపాటు సెషన్‌లోనో ఐస్‌బాక్సులోనో వెతకాలి. వాళ్లు ఆడుకుంటూ ఉంటే ఈ బిడ్డ ఒంట్లో ముందే ఏముందో చూడాలి. చివరగా, ఆ సీసా ఇప్పుడు ఎక్కడుందో అడగండి. కలిపి వాడిన సీసాలను సెషన్ అయ్యాక 48 గంటలు దాచాలన్నది నియమం. పారేశామన్న జవాబు వస్తే అసలు వార్త అదే.

– ఒక ఆరోగ్య విస్తరణాధికారి, ఏలూరు జిల్లా