సూర్యలంక తీరంలో మా బాబును కాపాడిన అన్నకు కృతజ్ఞతలు

హనుమకొండలో పుట్టి పెరిగిన మాకు నీళ్ళంటే భద్రకాళి చెరువు, పాకాల, లక్నవరం. అందుకే మొన్న కార్తీక పౌర్ణమి మరునాడు బాపట్ల దగ్గరి సూర్యలంకలో, అలలు విరగకుండా నెమ్మదిగా కనిపించిన చోటే క్షేమమని నమ్మి, మా పదకొండేళ్ళ బాబును అక్కడ దిగనిచ్చాను. ఒడ్డుకు చేరిన నీరు ఇరుకైన పాయగా మారి తిరిగి లోపలికి లాగేది తరచుగా అలాంటి చోటనేనని నాకు తెలియదు. చూస్తుండగానే వాడు అందనంత దూరం పోయాడు.

వల బాగుచేసుకుంటున్న మీరు, అన్నా, దాన్ని అక్కడే వదిలేసి ఉరికారు. వాడిని పట్టుకున్నాక నేరుగా ఒడ్డుకు ఈదకుండా, తీరం వెంబడి పక్కకు సాగి, లాగుడు తగ్గిన తర్వాత అలలతో పాటే బయటకు తెచ్చారు. పడవ మీద ఆరేసిన మీ గళ్ళ తువ్వాలుతో తల తుడిచారు. డబ్బు ఇవ్వబోతే నా గుప్పిట మూసేశారు.

అన్నిటికన్నా నా మనసులో నిలిచింది ఆ తర్వాత మీరు చేసిన పని. వణుకు తగ్గాక వాడి చేయి పట్టుకుని, పాదాలు మాత్రమే తడిసే చోట నిలబెట్టి, "ఈ భయంతోనే ఇంటికి తీసుకెళ్ళకండమ్మా" అని, వాడు నవ్వేదాకా పక్కనే నిలుచున్నారు.

ఆ కంగారులో మీ పేరు అడగలేదు. తువ్వాలు మా దగ్గరే ఉండిపోయింది. ఉతికి దాచాము, మాఘ పౌర్ణమికి బాబే తెచ్చి ఇస్తానంటున్నాడు.