‘ఐదు నిమిషాల నడక’ ఎవరి కాళ్లతో?

సంపాదకుల వారికి,

అయ్యా, మొన్నటి పర్యాటక పేజీలో పాత నగరాల చిన్న హోటళ్ల గురించి వేసిన వ్యాసంలో దూలాల చెక్కడాలు, మెట్ల కమ్మీల వయసు అన్నీ ఉన్నాయి. అక్కడికి చేరే దారి మాత్రం ‘స్టేషన్ నుంచి ఐదు నిమిషాల నడక’ అన్న ఒక్క ముక్కతో సరి. ఎవరి నడక? జపాన్‌లో ఇళ్ల ప్రకటనలకైతే నిమిషానికి 80 మీటర్లని లెక్కుంది, అదీ దారి వెంట కొలవాలి. హోటళ్లవాళ్లు మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీసినట్టుంది. రాళ్లు పరిచిన సందుల్లో చక్రాల పెట్టె ఈడుస్తూ, మెట్లొచ్చిన చోటల్లా ఎత్తుకుంటూ పోయేవాడికి అదే పావుగంట.

ఫోన్ ఉందిగా అంటారు. ఆరుబయట ఫోన్ జీపీఎస్ సుమారు 5 మీటర్ల తేడాతో చోటు చూపిస్తుంది. ఎత్తు గోడల మధ్య ఇరుకు సందులో ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి వస్తాయి కాబట్టి మ్యాప్‌లో మనమున్న చోటు చూపే నీలం చుక్క పక్క సందులోకి గెంతుతుంది. అంతకు మించిన తంటా మ్యాప్‌లో హోటల్ చోటు చూపే పిన్నుతో. చాలాసార్లు అది గుమ్మం దగ్గర కాక భవనం నడిమధ్యన ఉంటుంది. మ్యాప్ దానికి దగ్గరున్న రోడ్డు ఏదైతే అక్కడ దారి ముగించేస్తుంది. అది వెనక సందైతే, ‘గమ్యం చేరారు’ అని చెత్తడబ్బాల ముందు నిలబెడుతుంది!

హోటల్‌వాళ్లు గుమ్మం అక్షాంశ రేఖాంశాలను దశాంశం తర్వాత 5 అంకెలతో ఇస్తే తేడా మీటరుకు వస్తుంది. 4 అంకెలతో సరిపెడితే 11 మీటర్లు, అంటే సందే మారిపోవచ్చు. తలుపు రంగు, గంట మీట మీద రాసిన పేరు, రిసెప్షన్ ఏ అంతస్తులో ఉంది, రాత్రి వీధి తలుపు ఎప్పుడు వేస్తారు అన్నవీ చెప్పాలి. ఇలాంటి హోటళ్లు కొన్ని పై అంతస్తుకే పరిమితం, వీధిలో కనబడేది చిన్న ఇత్తడి రేకే.

నంబర్ల గొడవ మరీ ఘోరం. ఇటలీలోని వెనిస్‌లో ఇంటి నంబర్లు వీధివారీగా కాదు, ఆరు పేటల్లో పేటవారీగా నడుస్తాయి. పేట పేరు వదిలేసి నంబరొక్కటే రాసుకుంటే అంతే సంగతులు. అదే దేశంలోని ఫ్లోరెన్స్‌లో ఒకే వీధికి రెండు వరసలు: దుకాణాలకు ఎరుపు, ఇళ్లకు నలుపో నీలమో. చిరునామాలో నంబరు పక్కన ‘ఆర్’ ఉంటే ఎరుపు వరస చూసుకోవాలి. వ్యాసంలో వీటికి ఒక్క వాక్యమైనా చోటు దొరకలేదు.

ఇక అధికారులు. వారసత్వ కట్టడమని ఫలకం ఆవిష్కరించి ఫొటో దిగుతారు, సందు మొదట్లో ఊడిపోయిన వీధి పేరు బోర్డు మాత్రం ఎవరికీ పట్టదు. ఉన్న బాణాలన్నీ కార్ల కోసమే, వన్‌వే చుట్టూ తిప్పుతాయి. పక్కనే మెట్లదారి ఉందని నడిచేవాడికి చెప్పే బోర్డు ఉండదు. రోడ్డు తవ్వితే వాహనాలకు మళ్లింపు ప్రకటిస్తారు. పాదచారులకు ఎగిరే విద్య వచ్చనుకుంటారు కాబోలు. ఫోన్ చార్జింగ్ అయిపోయినవాడికి ఆ బోర్డులే దిక్కన్న సంగతి మీ పత్రికైనా వాళ్ల చెవిన వేయాలి.

– ఒక పాఠకుడు