నల్లరాయి ఉంటే ప్లాటినం ఉన్నట్టేనా?

సంపాదకుడు గారికి,

అయ్యా,

పోయిన నెల బంగారుపాళ్యం దగ్గర మా బంధువుల ఊరికి వెళ్తే, ఓ రైతు తుండుగుడ్డ మూట విప్పి నాలుగు నల్లరాళ్లు నా ముందు పెట్టాడు. “సార్, ఇదేమిటో రవ్వంత చూడండి” అన్నాడు. ఒక రాతి పగులులో పసుపుపచ్చగా మెరుపు ఉంది. కారులో వచ్చిన ఒకాయన అది ప్లాటినం రాయని, పొలంలో ఉన్న నల్లబండల వరుసంతా అదేనని, దాన్ని తవ్వుకునే లీజు తానే ఇప్పిస్తానని చెప్పి, ఖర్చులకని ముందుగానే కొంత పట్టుకుపోయాడట.

ఇంట్లో మిగిలిపోయిన టైల్ ముక్క ఒకటి తెమ్మన్నాను. వెనకవైపు నునుపు లేని చోట ఆ మెరుపును గట్టిగా రుద్దితే నల్లగీత పడింది. బంగారమైతే పసుపు గీత, ప్లాటినమైతే బూడిదరంగు గీత పడాలి. ఇది ఇనుమూ గంధకమూ కలిసిన పైరైట్. రైతు ఆ గీతను వేలితో తుడిచి మళ్లీ చూసుకున్నాడు.

పలమనేరు, కుప్పం, బంగారుపాళ్యం క్వారీల్లో ‘బ్లాక్ గ్రానైట్’ పేరుతో తీసేది నిజానికి గ్రానైట్ కాదు, డోలరైట్. భూమి లోపలి నుంచి కరిగిన రాయి పైకి పొడుచుకొచ్చి, పాత గ్రానైట్ పగుళ్లలో గోడలా గట్టిపడింది. దాన్ని డైక్ అంటారు. ఈ ప్రాంతపు డైకుల్లో కొన్నింటి వయసు 230 కోట్ల ఏళ్లు దాటింది. దక్షిణాఫ్రికాలో ప్లాటినం గనులున్న బుష్‌వెల్డ్, రష్యాలో నికెల్ తవ్వే నోరిల్‌స్క్ కూడా ఇలా లోపలి నుంచి వచ్చిన నల్లరాయి జాతివే. దళారులకు ఈ ముక్క తెలుసు. తర్వాతి ముక్క తెలియదు, తెలిసినా చెప్పరు.

కరిగిన రాతిలో నికెల్, రాగి, ప్లాటినం ఎప్పుడూ చిటికెడు చిటికెడుగా ఉంటాయి. వాటిని ఒకచోటికి చేర్చేది గంధకం. కరిగిన రాయి పట్టుకోగలిగినదానికంటే గంధకం ఎక్కువైతే, పులుసులో నూనె విడిపోయినట్టు సల్ఫైడ్ చుక్కలు, అంటే గంధకమూ లోహమూ కలిసిన చుక్కలు, విడిపోతాయి. కాకపోతే నూనె పైకి తేలుతుంది, ఇవి బరువు గనక అడుగుకు దిగుతాయి. ప్లాటినం కరిగిన రాతిలో కంటే ఆ చుక్కల్లో వేల రెట్లు ఇష్టంగా చేరుతుంది. నోరిల్‌స్క్‌లో దాదాపు 25 కోట్ల ఏళ్ల కిందట పైకొచ్చిన కరిగిన రాయి, దారిలో జిప్సం లాంటి ఉప్పురాళ్ల పొరలను కరిగించుకుని గంధకం మింగింది. పైగా అదే దారిలో కరిగిన రాయి కొత్తగా పారుతూనే ఉంది, చుక్కలు ప్రతిసారీ ఇంత లోహం లాక్కుంటూనే ఉన్నాయి. అక్కడ కూడా అలా లోపలి నుంచి చొచ్చుకొచ్చి పక్కపక్కనే గట్టిపడిన నల్లరాళ్లలో చాలావాటిలో తవ్వదగిన ఖనిజం లేదు. మన డైకులు గంధకం పెద్దగా లేని గ్రానైట్‌ను చీల్చుకుని, సన్నటి పగుళ్లలో త్వరగా చల్లారిపోయాయి. నాలుగు పైరైట్ రవ్వలు కనపడటం వేరు, గని ఉండటం వేరు.

“మరి బిసానత్తంలో బంగారం తవ్వారు కదా” అని ఆ రైతే అడిగాడు. తవ్వారు. మన జిల్లాలోని బిసానత్తం, చిగురుగుంట గనులు 2001 దాకా నడిచాయి. అవి కోలార్ బంగారు గనులున్న రాతిపట్టీకి దక్షిణపు కొస. అక్కడ బంగారం చేరింది డైకుల్లో కాదు. పాత లావా నలిగి మారిన రాళ్ల పగుళ్లలోంచి వేడినీళ్లు పారినప్పుడు, తెల్లటి పలుగురాతి నాళాల్లో. డైకులు ఆ తర్వాత వచ్చాయి.

ఇక గ్రానైట్ సంగతి. మధ్యప్రదేశ్‌లోని మలాంజ్‌ఖండ్‌లో గ్రానైట్‌లోనే రాగి ఉంది, మన కొండల్లో ఎందుకుండదని కొందరు వాదిస్తారు. రాగి కావాలంటే కరిగిన రాతిలో నీరు బాగా ఉండాలి, అది నేలకు కొద్ది కిలోమీటర్ల లోతు దాకా వచ్చి ఆ నీటిని వదలాలి, రాగిని మోసుకొచ్చిన ఆ వేడినీరు పైభాగపు పగుళ్లలో చల్లారాలి. ఆ పైభాగం కోసుకుపోకుండా మిగలాలి. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి చూడండి: కింద గ్రానైట్, దాని మీద సమంగా పరిచినట్టు క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి మారి గట్టిపడిన రాయి) పొరలు. జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించిన చోటు అది. ఆ పొరలు పేరుకునే నాటికే గ్రానైట్ పైన ఉన్న రాయి కిలోమీటర్ల కొద్దీ అరిగిపోయింది. నెత్తిన రాగి ఏమైనా ఉండి ఉంటే అదీ దాంతోనే పోయి ఉంటుంది. కొండెక్కే భక్తుల్లో ఎంతమంది అటు చూస్తారో గానీ, మా విద్యార్థులకు నేను చెప్పిన మొదటి పాఠం అక్కడే.

ప్లాటినం లీజు ఇప్పిస్తాననే దళారికి అసలు ఆ అధికారమే లేదు. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత ఇలాంటి ఖనిజాలకు వేలం తప్పనిసరి. 2023లో మళ్లీ చట్టం మార్చి, ప్లాటినం సహా 24 కీలక ఖనిజాల వేలం కేంద్రం చేతికిచ్చారు. ఈ ఒక్క మాట పంచాయతీ నోటీసు బోర్డు మీద తెలుగులో రాసిపెట్టి ఉంటే ఆ రైతు డబ్బు పోయేది కాదు.

అధికారులకు నా విన్నపం ఇది. ఏ ఊళ్లోనైనా రాళ్ల నమూనాలు తీసుకెళితే, ఫలితం వచ్చాక ఆ ఊరి గ్రామసభలోనే చెప్పండి. ఏమీ దొరకకపోతే ఎందుకు దొరకలేదో కూడా చెప్పండి. ఇంగ్లీషు నివేదిక ఎక్కడో వెబ్‌సైట్‌లో ఉంటే చింతతోపు రైతుకు ఒరిగేదేమీ లేదు. పత్రికలకూ ఒక మాట: సర్వే బండి ఊళ్లోకి వచ్చిన రోజున ‘జిల్లాలో అపార నిక్షేపాలు’ అని మొదటి పేజీలో వేస్తారు. ఏమీ లేదని తేలిన రోజున కూడా అదే పేజీలో వేయండి.

ఆ నల్లరాయి ముక్క ఇప్పుడు నా బల్ల మీద ఉంది. దళారి ఫోన్ ఎత్తడం లేదట.

ఇట్లు,
విశ్రాంత జియాలజీ అధ్యాపకుడు,
పలమనేరు, చిత్తూరు జిల్లా