తాయెత్తుతో పాటు మాత్రలూ మాన్పించారు

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో మూఢనమ్మకాల మీద వచ్చిన వ్యాసం చదివాను. బాణామతి, చిల్లంగి, నాలుగు దారుల కూడలిలో నిమ్మకాయలు, గుప్తనిధుల తవ్వకాలు, అన్నీ రాశారు. మావాళ్ళ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. మావాళ్ళంటే క్రైస్తవులు. మర్యాద కోసం వదిలేశారో, మాకు ఆ భయాలు లేవనుకున్నారో తెలియదు. మర్యాద కోసమైతే సంతోషం. మాకు లేవనుకుంటే మాత్రం పొరపాటు. నేను ముప్ఫై నాలుగేళ్ళు సర్కారు ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. పుట్టినప్పటి నుంచీ చర్చిలో మనిషిని. ఆ రెండు చోట్లా చూసిందే రాస్తున్నాను.

మా వీధి చివరింట్లో ఒక అమ్మాయి ఉంది. తల్లి టమోటా మార్కెట్లో కాయలు ఏరే పనికి పోతుంది. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా కాలేజీలోనే ఫిట్స్ వచ్చాయి. చేతిలో తాళాలగుత్తి పెట్టారు, ఉల్లిపాయ వాసన చూపించారు, మామూలే. ఇంటికి తెచ్చాక గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. మళ్ళీ వచ్చేసరికి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. తిరుపతికి పంపించి స్కాన్ తీయిస్తే మెదడులో శనగగింజంత గుల్ల కనబడింది. బద్దెపురుగు గుడ్లు సరిగా కడగని ఆకుకూరల మీదుగానో, నీళ్ళతోనో కడుపులోకి పోతాయి. వాటిలోంచి వచ్చిన పిల్లపురుగు రక్తంలో కొట్టుకుపోయి మెదడులో గూడు కట్టుకుంటుంది. మన దేశంలో ఫిట్స్ రావడానికి ఇదొక మామూలు కారణం. మాంసం ముట్టని ఇళ్ళలోనూ వస్తుంది. డాక్టరు మందులు రాసి, ఫిట్స్ మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దని మరీ మరీ చెప్పారు. ఎనిమిది నెలలు ఒక్కసారి కూడా రాలేదు.

అంతలో ఎవరో చెబితే ఒక ప్రార్థనా మందిరానికి తీసుకుపోయారు. వాళ్ళు క్రైస్తవులు కారు. బిడ్డ పూర్తిగా బాగుపడుతుందంటే ఏ గడప అయినా ఎక్కే మనుషులు. మూడు శుక్రవారాలు రమ్మన్నారట. మొదటి శుక్రవారం తాయెత్తు తెంచి పారేశారు. రెండో శుక్రవారం అమ్మాయిని ముందుకు పిలిచి, నోటి దగ్గర మైకు పెట్టి, "నీ పేరేంది, ఎక్కడి నుంచి వచ్చినావు" అని గద్దించారు. అడిగింది అమ్మాయిని కాదు, అమ్మాయిలో ఉందనుకున్న దాన్ని. పదిహేడేళ్ళ పిల్లని అంతమంది జనం మధ్యలో నిలబెట్టి జుట్టు పట్టుకుని అడిగితే ఏం చెబుతుంది? వాళ్ళకు ఏం కావాలో అది చెప్పింది. వీధిలో అంతకుముందు ఏడాది ఉరేసుకున్న ఒకావిడ పేరు చెప్పింది. జనం హల్లెలూయా అని చప్పట్లు కొట్టారు. మూడో శుక్రవారం చిన్న నూనె సీసా చేతిలో పెట్టి, ఇక మాత్రలు వేసుకుంటే దేవుణ్ణి అనుమానించినట్టే అన్నారు.

మర్నాడు తల్లి మా ఇంటికి వచ్చింది. "మాత్రలు నిలిపేసినాం నర్సమ్మా. మీ దేవుడే బాగుజేసినాడు" అంది. ముఖం వెలిగిపోతోంది.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే ఏమవుతుందో వార్డులో ఎన్నోసార్లు చూసినదాన్ని. అప్పుడే గట్టిగా చెప్పాల్సింది. కానీ "మీ దేవుడు" అన్న మాట చెవికి ఇంపుగా తగిలింది. దైవసేవకుడి మీద మాట అనడమెందుకు, నాకు విశ్వాసం తక్కువనుకుంటారేమో అని కూడా అనిపించింది. "ఒకసారి డాక్టరుకి కూడా చూపించండమ్మా" అని నసిగి ఊరుకున్నాను. పదకొండో రోజు రాత్రి మొదలైన ఫిట్స్ ఆగలేదు. ఒకటి తగ్గకముందే ఇంకొకటి. ఆటోలో తలని ఒళ్ళో పెట్టుకుని నేనే తీసుకుపోయాను. పిల్ల బతికింది. కుడి చేతి పట్టు మాత్రం మునుపటిలా లేదు, పరీక్షల్లో గబగబా రాయలేదు.

మా అమ్మ కూడా నర్సే. మా మదనపల్లె పక్కనే ఉన్న ఆరోగ్యవరం శానిటోరియంలో చేసింది. క్షయ రోగుల కోసం మిషన్లు కలిసి 1915లో తెరిచిన ఆసుపత్రి అది. క్షయ అంటే ఏ జన్మ పాపమో, ఎవరి శాపమో అనుకునే రోజులు. రోగులు మెడనిండా, జబ్బలనిండా తాయెత్తులతో వచ్చేవాళ్ళట. అమ్మ ఒక్కటి కూడా తెంచలేదు. "అది ఉండనీ నాయనా, మందు మాత్రం మానొద్దు" అనేదట. వార్డులో ప్రార్థన అయ్యేది, ఆ వెంటనే సూదులు వేసేవాళ్ళు. ఆ రెండింటికీ పడదని అమ్మకు ఎవరూ చెప్పినట్టు లేరు.

"బైబిల్లో దయ్యాలు లేవా సిస్టర్?" అని నన్ను నిలదీసేవాళ్ళున్నారు. ఉన్నాయి. వాటిని నేను కొట్టిపారేయను. కానీ మత్తయి సువార్త నాలుగో అధ్యాయంలో యేసు దగ్గరికి తెచ్చిన రోగుల వరస చూడండి. దయ్యం పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవారు అని విడివిడిగా ఉంటుంది. చాంద్రరోగం అంటే మూర్ఛే. రెండువేల ఏళ్ళ కిందట కూడా ఈ రెండూ ఒకటి కావని రాసినవాడికి తెలుసు. అదే సువార్త పదిహేడో అధ్యాయంలో చాంద్రరోగి అయిన ఒక అబ్బాయిలోంచి యేసు దయ్యాన్ని వెళ్ళగొట్టలేదా అంటారు. నిజమే. ఆ సంగతి మార్కు కూడా రాశాడు, అందులో ఒక నర్సుకు మాత్రమే పట్టే మాట ఒకటుంది. యేసు ముందుగా తండ్రిని అడిగింది, ఇది వీడికి ఎంతకాలం నుంచి వస్తోంది అని. మేం కేస్ షీట్ రాసేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న అదే. పిల్లవాడు బాగయ్యాక తండ్రికి అప్పగించాడని లూకా రాశాడు. వచ్చే శుక్రవారం రమ్మనలేదు.

ప్రార్థన చేసిన నూనె, రుమాలు అమ్మేవాళ్ళు ఎఫెసు పట్టణంలో అపొస్తలుడు పౌలు రుమాళ్ళతో రోగులు బాగయ్యారని బైబిల్లో చూపిస్తారు. ఆ పౌలే శిష్యుడు తిమోతికి తరచూ కడుపులో బాగుండటం లేదని తెలిసి రుమాలు పంపలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. తన వెంట తిరిగిన త్రోఫిమును జబ్బుగా ఉండగానే మిలేతులో వదిలి వచ్చానన్నాడు. సువార్త రాసిన లూకా వైద్యుడు. ఈ వచనాల మీద ప్రసంగం విని ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు.

ఇంకో సంగతి కూడా చదివి వినిపించరు. ఫిలిప్పీలో సోదె చెప్పే ఒక దాసిపిల్లని పౌలు బాగుచేశాడు. ఆ పిల్ల యజమానులు సంతోషించలేదు, రాబడి పోయిందని పౌలును అధికారుల దగ్గరికి ఈడ్చుకుపోయారు. భయం మీద బతికేవాళ్ళ లెక్క అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. తరతరాల శాపం ఉందని ముందు చెబుతారు, అది పోవడానికి ప్రత్యేక కానుక తర్వాత చెబుతారు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్ళు మిగతావాళ్ళకన్నా పాపులనుకుంటున్నారా, కాదు అన్నాడు యేసు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపం అని శిష్యులు అడిగితే వీడిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదన్నాడు. మా ఇంటి శాపం ఎన్నో తరం నుంచి వస్తోందో లెక్కగట్టి చెప్పేవాళ్ళకు ఈ రెండు మాటలూ ఎలా వినబడలేదో!

2021 జనవరిలో మా ఊళ్ళో జరిగిన ఘోరం మీ పత్రికలోనూ వచ్చింది. బాగా చదువుకుని, పిల్లలకు చదువు చెప్పే తల్లిదండ్రులు, ఎదిగిన ఇద్దరు కూతుళ్ళను ఇంట్లోనే చంపేసి, మళ్ళీ బతికి వస్తారని ఎదురుచూశారు. తర్వాత ఆ తల్లిదండ్రులను విశాఖ మానసిక వైద్యశాలకు పంపారు. ఆ వారం చర్చి బయట మావాళ్ళ మాటలు విన్నాను. "అన్యులు, అంతే సిస్టర్. సత్యం తెలియకపోతే అట్లే ఉంటుంది." ఆ మాట అన్నాయన ఇంటి గుమ్మం మీద "యేసు రక్తమే జయం" స్టిక్కరు ఉంటుంది. మా గుమ్మం మీదా ఉంది, తప్పేం లేదు. ఆయన మాత్రం కొత్త ఇంట్లోకి మారిన రాత్రి, ఆ స్టిక్కరు ఇంకా అంటించలేదని నిద్రపోలేదట. భార్యే నవ్వుతూ చెప్పింది. అది స్టిక్కరా, నిమ్మకాయా?

ఈ ముచ్చట ఇప్పటిది కూడా కాదు. 1990లలో రాత్రిపూట ఒక ఆడ దయ్యం పేరు పెట్టి పిలుస్తుందని, పలికితే చస్తారని పుకారు పుట్టి, ఊరూరా గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. రోజూ వచ్చి చదువుకుని రేపు వద్దాంలే అని పోతుందట, అక్షరాస్యత గల దయ్యం. అప్పుడు నేను పల్లెలో ప్రైమరీ హెల్త్ సెంటర్లో పనిచేస్తున్నాను. అక్కడ ఒక విశ్వాసి ఇంటి తలుపు మీద రెండూ ఉండేవి, పైన సుద్దముక్కతో సిలువ, కింద ఆ రాత. దేనిమీదా పూర్తి నమ్మకం లేకపోయేసరికి రెండూ రాసుకున్నాడు, పాపం.

2021 మార్చిలో అరవై దాటినవాళ్ళకు కరోనా టీకా మొదలవగానే వేయించుకున్నాను. సాయంత్రానికి మా సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది: టీకాలో చిప్ ఉంది, అదే బైబిలు చివరి పుస్తకం ప్రకటన గ్రంథంలో మృగాన్ని పూజించేవాళ్ళకు వేస్తారని చెప్పిన మృగం ముద్ర, 666. అంతకుముందు ఆధార్ కార్డు మృగం ముద్ర, దానికి ముందు సబ్బుల మీద బార్ కోడ్. ఆదివారం ఒక సిరంజి తీసుకుపోయి చూపించాను. అర మిల్లీలీటరు మందు, సూదికి సన్నటి రంధ్రం, ఇందులోంచి మీ ఫోన్లో ఉండే చిప్ ఎలా పోతుందో చూపించండి అన్నాను. కుర్రాళ్ళు నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు, టీకా వేయించుకోనూ లేదు. మే నెలలో ఆయన సమాధి దగ్గర పాస్టరు గారితో కలిపి ఐదుగురం ఉన్నాం. ఆ ఫార్వర్డ్ పంపినాయన మరుసటి వారం రెండో డోసు ఎక్కడ వేస్తున్నారని నన్నే అడిగాడు.

యోహాను తన పత్రికలో ప్రతి ఆత్మనూ నమ్మొద్దు, పరీక్షించండి అన్నాడు. నమ్మొద్దు అనే మాట బైబిల్లో ఉందంటేనే మావాళ్ళు కొందరు ఆశ్చర్యపోతారు. విశ్వాసం అంటే చెప్పిందల్లా నమ్మడం అని ఎప్పుడు స్థిరపడిందో. నాకు తెలిసిన విశ్వాసం అది కాదు. పైవాడు ఒక్కడే అని గట్టిగా నమ్మినవాడు మిగతా వెయ్యింటికీ భయపడనక్కర్లేదు, అదే దాని లాభం. అర్ధరాత్రి డ్యూటీలో మార్చురీ పక్కన నడవడానికి నాకు పనికొచ్చింది ఆ నమ్మకమే.

మా అమ్మాయి అమెరికాలో మసాచుసెట్స్‌లో ఉంటుంది. ఒక అక్టోబరులో నన్ను సేలం చూపించడానికి తీసుకుపోయింది. హాలోవీన్ రోజులు. వీధులనిండా మంత్రగత్తె టోపీలు, చీపుళ్ళు, సోదె చెప్పే గదులు. ఆ సందడి మధ్య ఒక చిన్న ఆవరణలో రాతి బల్లలు గోడలోంచి బయటికి వచ్చినట్టు ఉన్నాయి. ఒక్కో బల్ల మీద ఒక్కో పేరు, చంపిన తేదీ. 1692లో చేతబడి చేశారని పందొమ్మిది మందిని ఉరితీశారు, ఒకాయన మీద బండలు పేర్చి చంపారు. అదంతా మొదలైంది ఆడపిల్లలు మెలికలు తిరిగిపోయి కేకలు పెట్టడంతో. విచారించినవాళ్ళంతా బైబిలు చదివే మనుషులు. ఆ బల్లల ముందు నిలబడితే నాకు మైకు ముందు నిలబెట్టిన పిల్లే గుర్తొచ్చింది. తీర్పు చెప్పినవాళ్ళలో శామ్యూల్ సీవల్ అనే ఆయన ఐదేళ్ళ తర్వాత, 1697 జనవరిలో, బోస్టన్ చర్చిలో అందరి మధ్యా లేచి నిలబడ్డాడు. ఆ తప్పు, ఆ సిగ్గు నావి అని తాను రాసిచ్చిన చీటీని పాస్టరు చదువుతుంటే తలవంచుకుని విన్నాడు. మా దగ్గర ఆ పని చేసినవాళ్ళను నేను చూడలేదు. ఆ మందిరం వాళ్ళు ఇప్పటికీ ఆ అమ్మాయి సాక్ష్యం వీడియో తీసేయలేదు. రెండో శుక్రవారంది, ఆటో రాత్రికి ముందుది.

మిమ్మల్నీ ఒకటి అడగాలి. వ్యాసం వచ్చిన రోజే మీ పత్రిక లోపలి పేజీలో వశీకరణం, శత్రునాశనం, 24 గంటల్లో ఫలితం అని ఫోన్ నంబరుతో ప్రకటన ఉంది. దాని పక్కనే మావాళ్ళ స్వస్థత మహాసభల ప్రకటన, పెద్ద అక్షరాల్లో "డాక్టర్లు చేతులెత్తేసిన రోగాలు". మంత్రాలతో, తాయెత్తులతో జబ్బులు నయం చేస్తామని ప్రకటించుకోవడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం చివర ఇచ్చిన జబ్బుల పట్టికలో మూర్ఛ కూడా ఉంది. ప్రకటనల విభాగం వాళ్ళు ఆ పట్టిక ఒకసారి చూస్తే బాగుంటుంది.

అమ్మాయి మళ్ళీ మాత్రలు వేసుకుంటోంది. ఆదివారం ఆరాధన అయ్యాక నేరుగా వాళ్ళింటికి పోయి, స్ట్రిప్పులో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి వస్తాను. మొన్న వెళ్ళేసరికి పిల్ల జబ్బకు కొత్త తాయెత్తు ఉంది. తల్లి నన్ను చూసి గబుక్కున చున్నీతో కప్పబోయింది. ఉండనీమ్మా అని, స్ట్రిప్పు తెమ్మన్నాను.

ఇట్లు,
విశ్రాంత స్టాఫ్ నర్సు, మదనపల్లె
(ఆ అమ్మాయి ఎవరో తెలిసిపోతుంది కాబట్టి నా పేరు ప్రచురించవద్దని మనవి.)