‘డివైన్ రైవల్స్’ కోసం ముందుగా డబ్బు కట్టిన పాఠకులకు

రెబెకా రాస్ నవల ‘డివైన్ రైవల్స్’ రెండు భాగాలూ కావాలని మా దుకాణంలో ముందుగా డబ్బు కట్టిన పాఠకులందరికీ ఈ కబురు. 2023 ఏప్రిల్‌లో వెలువడిన మొదటి భాగం మాకు చేరింది గానీ, అదే ఏడాది డిసెంబరులో వచ్చిన రెండో భాగం ‘రూత్‌లెస్ వోస్’ మా పంపిణీదారు దగ్గర ప్రస్తుతం లేదు, ఎప్పటికి తెప్పించగలరో ఆయన ఖాయంగా చెప్పడం లేదు. ఉన్నదాన్ని అమ్మేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. మొదటి భాగం కథ, యుద్ధం ఇంకా సాగుతుండగానే, చదివేవారికి ఏమాత్రం ఊరట దొరకని చోట ఆగుతుంది. అక్కడ ఆగి నెలల తరబడి ఎదురుచూడటం ఎంత కష్టమో చదివినవాణ్ణి గనుక నాకు తెలుసు.

ఇది ప్రేమకథేనా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. ప్రేమకథే, కానీ అందులో ప్రతి ముఖ్యపాత్రా ఎవరో ఒకరిని పోగొట్టుకున్నదే. పాతకాలపు దేవతల వైరం మనుషుల మీద యుద్ధమై పడుతుంది. కథానాయిక ఐరిస్ వాళ్ల అన్నయ్య సైన్యంలో చేరి ఉత్తరం ముక్క కూడా రాయడు. అతనికోసం ఆమె టైపు చేసి బట్టల బీరువా తలుపు కిందికి తోసిన కాగితాలు మాయమై, పత్రికాఫీసులో ఆమెతో పోటీపడే రోమన్ గదిలో తేలతాయి. చెల్లెలిని పోగొట్టుకున్న ఆ కుర్రవాడు తన పేరు చెప్పకుండానే బదులు రాయడం మొదలుపెడతాడు. నన్ను అన్నిటికన్నా కదిలించినది మాత్రం, ఐరిస్ యుద్ధ విలేకరిగా వెళ్లాక, గాయపడిన సైనికుల పక్కన కూర్చుని వాళ్లు చెబుతుంటే వాళ్ల ఇళ్లకు ఉత్తరాలు రాసిపెట్టే భాగం. ఇది కేవలం కల్పన కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్లిన మన సిపాయిల్లో చదువురాని ఎందరో ఇలాగే ఇంకొకరి చేత ఇంటికి ఉత్తరాలు రాయించుకున్నారు, వాటిని సైనిక సెన్సారు అధికారులు చదివి అనువదించిన భాగాలు నేటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. నవలలోని కందకాల వర్ణన కూడా ఆ యుద్ధాన్నే గుర్తుకు తెస్తుంది.

ప్రేమికుల ఏకాంత ఘట్టం ఒకటీ, ఆప్తుల మరణాలూ ఇందులో ఉన్నాయి. అందువల్ల ఇంటర్మీడియట్‌కు రాని పిల్లలకు కొనేముందు పెద్దలు ఒకసారి తిరగేస్తే మంచిది.

డబ్బు కట్టినవారు ఇప్పుడే మొదటి భాగం తీసుకోవచ్చు, లేదా రెండూ చేరేదాకా మా దగ్గరే ఉంచవచ్చు. ఎదురుచూడలేనివారికి కోత లేకుండా మొత్తం సొమ్ము తిరిగి ఇస్తాము. తక్కువ ధరకు దొరికే దొంగ ముద్రణలు తెప్పించి ఇమ్మని అడిగినవారు మన్నించాలి, రచయితకు రావలసిన పైకం ఎగ్గొట్టే ప్రతులను మేము అమ్మము. ఈ మూడింటిలో మీకు ఏది అనుకూలమో దుకాణానికి వచ్చిగానీ ఫోనులో గానీ తెలియజేయండి.