ఇల్లు ఆలస్యమైతే మనిషి ఏమవుతున్నాడో కూడా లెక్కించాలి

సంపాదకులకు నమస్కారాలు.

హైదరాబాద్ చుట్టుపక్కల ఆగిపోయిన, ఆలస్యమైన అపార్ట్‌మెంట్ల గురించి వార్తలు వచ్చినప్పుడల్లా ఎన్ని ఫ్లాట్లు, ఎన్ని కోట్లు, ఎంతమంది కొనుగోలుదారులు అన్న లెక్కలు ఉంటాయి. ఎదురుచూపులో గడిచిన ఆ ఏళ్లలో ఆ కుటుంబాల నిద్ర, ఆరోగ్యం, భార్యాభర్తల మధ్య మాట ఏమయ్యాయన్నది మాత్రం ఏ లెక్కలోకీ రాదు. అలాంటి ఏళ్లు గడిపినదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మావారు ఒక చిన్న ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తారు. 2019లో నగర శివారులో రెండు పడక గదుల ఫ్లాటు బుక్ చేసుకున్నాం. ఒప్పందం ప్రకారం 2022 మార్చికి చేతికి రావలసిన తాళాలు 2024 చివరలో వచ్చాయి. బ్యాంకు మంజూరు చేసిన 40 లక్షల్లో 32 లక్షలు ఒక్కో అంతస్తు శ్లాబు పడినప్పుడల్లా కొంత చొప్పున బిల్డర్‌కు చేరాక పని మందగించింది. ఆ మొత్తం మీద వడ్డీ నెలకు 19 వేల దాకా కట్టేవాళ్లం, దానికి తోడు ఇంటద్దె 14 వేలు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకిచ్చే అప్పుపై తీసుకునే వడ్డీ, అంటే రెపో రేటు 4 శాతం నుంచి 6.5 శాతానికి పెరగడంతో ఆ వడ్డీ 25 వేలు దాటింది.

అయినా మమ్మల్ని కుంగదీసింది అప్పు కాదు. నెలకు ఇంత అని తెలిసిన బరువును మధ్యతరగతి ఇల్లు ఎలాగో మోస్తుంది. పండగ బట్టలు మానుకుంటాం, చీటీ పాడుకుంటాం, ఊరి ప్రయాణాలు తగ్గించుకుంటాం. ఇంకా ఎన్నాళ్లు మోయాలో తెలియకపోవడమే మనిషిని లోపలి నుంచి తినేస్తుంది. బిల్డర్ కార్యాలయంలో అడిగితే మొదట దసరాకన్నారు, తర్వాత సంక్రాంతికన్నారు, ఆ తర్వాత ఉగాదికన్నారు. ప్రతి ఆదివారం మావారు సైటుకు వెళ్లి ఎంతమంది కూలీలు పనిలో ఉన్నారో లెక్కపెట్టుకుని వచ్చేవారు. పదిమంది కనబడితే ఆ రాత్రి అన్నం సహించేది, ముగ్గురే ఉంటే కంచం ముందు నుంచి లేచిపోయేవారు. కొనుగోలుదారుల వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి ఎవరో ఒకరు పెట్టే వదంతి మా ఇంట్లో తెల్లవార్లూ దీపం వెలిగించి ఉంచేది.

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పింది కట్టించేవాడి కష్టం గురించి. ఆ కష్టంలో పగ్గాలు అతని చేతిలోనే ఉండేవి. డబ్బు చాలకపోతే పునాదుల దగ్గర ఆపి, పంట చేతికొచ్చాక మళ్లీ మొదలుపెట్టేవాడు. మేస్త్రీ పని నచ్చకపోతే మరొకరిని పెట్టుకునేవాడు. కట్టకముందే ఫ్లాటు కొన్నవారికి బరువంతా ఉంటుంది గానీ పగ్గం ఒక్కటీ ఉండదు. పైగా నామోషీ ఒకటి. పెళ్లిళ్లలో, పేరంటాల్లో బంధువులు ఆప్యాయంగానే "గృహప్రవేశం ఎప్పుడు?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు భయపడి రెండేళ్లపాటు శుభకార్యాలకు వెళ్లడమే మానేశాం. ఈ ఫ్లాటే కావాలని పట్టుబట్టింది నేనని ఆయన, కాగితాలు చూసింది మీరేనని నేను, అనకూడని మాటలు చాలా అనుకున్నాం. తప్పు మా ఇద్దరిదీ కాదని గ్రహించడానికి చాలాకాలం పట్టింది.

2023లో మావారికి రాత్రిళ్లు గుండె దడ, ఊపిరాడనట్టు ఉండటం మొదలై రెండుసార్లు ఆసుపత్రికి పరుగెత్తాం. ఈసీజీ, ఎకో అన్నీ బాగానే ఉన్నాయన్నారు. చివరకు ఒక డాక్టరమ్మ ఆ రిపోర్టులు పక్కన పెట్టి, "ఇంట్లో ఏం జరుగుతోందండీ?" అని అడిగారు. అంతవరకూ ఎవరి ముందూ కంటతడి పెట్టని మనిషి ఆ గదిలో బావురుమన్నారు. ఆమె మానసిక వైద్యుని దగ్గరకు పంపారు. మందులు కొంత, మాట్లాడించడం కొంత, దాదాపు ఆరు నెలల్లో ఆయన మామూలు నిద్రకు వచ్చారు. సైటుకు నెలకు ఒక్కసారే వెళ్లాలని, గ్రూపు సందేశాలు పగటిపూట నేనొక్కదాన్నే చూసి అవసరమైనది మాత్రమే చెప్పాలని ఆ రోజుల్లో పెట్టుకున్న నియమం మాకు ఎంతో మేలు చేసింది. అప్పటికి తాళాలు రాలేదు, వడ్డీ తగ్గలేదు. అయినా ఇంట్లో మాట తిరిగి వచ్చింది.

ఇలాంటి వేదనను న్యాయస్థానాలు గుర్తించలేదని కాదు. గృహ నిర్మాణం కూడా సేవేనని, కొనుగోలుదారు పడిన మానసిక క్షోభకు వినియోగదారుల ఫోరాలు పరిహారం ఇప్పించవచ్చని లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. ఇళ్ల ప్రాజెక్టులను నియంత్రించే ప్రాధికార సంస్థ రెరాను ఏర్పాటు చేసిన 2016 నాటి స్థిరాస్తి చట్టంలోని (రెరా చట్టం) 18వ సెక్షన్ ప్రకారం, గడువు దాటితే కొనుగోలుదారు వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగవచ్చు, లేదా ఫ్లాటు అప్పగించేదాకా ప్రతి నెలకూ వడ్డీ కోరవచ్చు. ఫిర్యాదును వీలైనంతవరకు 60 రోజుల్లో పరిష్కరించాలని, అంతకు మించితే కారణాలు నమోదు చేయాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. అయితే ఇవన్నీ దెబ్బ తగిలాక వేసే కట్లు. మా ఇంట్లో నిద్ర పోయింది ఏమీ తెలియకపోవడం వల్ల, కాబట్టి ముందుగా కావలసింది నిజమైన సమాచారం.

దానికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి ప్రాజెక్టులో పని ఎంతవరకు వచ్చిందో, ఏ అనుమతులు వచ్చాయో, ఏవి రావలసి ఉన్నాయో ప్రమోటరు (అంటే బిల్డరు) మూడు నెలలకొకసారి రెరా వెబ్‌సైటులో నమోదు చేయాలని ఆ చట్టంలోని 11వ సెక్షన్ ఇప్పటికే చెబుతోంది. ఆ వివరాలు అక్కడ వెతికి అర్థం చేసుకునే ఓపిక, నేర్పు అందరికీ ఉండవు. మా అత్తయ్య వంటి పెద్దవాళ్లు తమ పింఛను డబ్బు కూడా ఇంటికి ఇచ్చి, ఏం జరుగుతోందో తెలియక పిల్లల ముఖాల్లో వెతుక్కుంటారు. ఆ త్రైమాసిక వివరాన్నే సులభమైన తెలుగులో, ఎన్నో అంతస్తు దాకా వచ్చింది, ఏ పని ఆగింది, ఎందుకు ఆగింది, కొత్త గడువు ఏది అన్న నాలుగు ముక్కలతో, ప్రతి కొనుగోలుదారు ఫోనుకూ పంపేలా రెరా ఆదేశించాలి. అందులో అబద్ధం రాస్తే జరిమానా ఉండాలి. చేదు నిజమైనా ఒకసారి తెలిస్తే దాని చుట్టూ బతుకును సర్దుకోగలం. రోజుకొక తీపి మాట చెబుతుంటే అది కూడా చేయలేం.

బ్యాంకులకూ ఒక మనవి. వడ్డీ రేటు మారినప్పుడు కిస్తీ పెంచుకోవాలా, గడువు పొడిగించుకోవాలా అన్న ఎంపిక రుణగ్రహీతకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. ఆ మాటను సంక్షిప్త సందేశంతో సరిపెట్టకుండా, ప్రాజెక్టు ఆలస్యమైన ఖాతాదారులను పిలిచి కూర్చోబెట్టి వివరించాలి. ఉచితంగా, ఇరవై నాలుగు గంటలూ, తెలుగులోనూ పలికే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 గురించి మాకు ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు. రెరా కార్యాలయం గోడ మీద, ఫిర్యాదు రసీదు అడుగున ఆ అయిదు అంకెలు ముద్రించడానికి ఖర్చేమీ కాదు.

ఇప్పుడు కొనబోయేవారికి ఒక్క మాట. రెరా నమోదు లేకుండా "ప్రీ లాంచ్" పేరుతో మొత్తం డబ్బు ముందే కట్టమనే చోటికి వెళ్లకండి. విక్రయ ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోవడం చట్టవిరుద్ధం.

మాతోపాటే డబ్బు కట్టిన రెండో బ్లాకు వారికి ఇంతవరకూ తాళాలు రాలేదు. ఇప్పుడు ఆదివారాలు మా కిటికీలోంచి చూస్తే, సైటు గేటు దగ్గర నిలబడి కూలీలను లెక్కపెట్టుకుంటూ వాళ్లే కనబడతారు. వచ్చే త్రైమాసికం నుంచైనా ఆ తెలుగు సందేశం వాళ్ల ఫోన్లకు అందేలా చూడమని తెలంగాణ రెరా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
హైదరాబాద్